ధ్రువం మీదుగా దేవనహళ్లికి

2021 జనవరి 9, శనివారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో రాత్రి ఎనిమిదిన్నర. మీరు ఎయిరిండియా 176లో, కిటికీ పక్క సీట్లో కూర్చున్నారు. ముక్కూ నోరూ మాస్కు కింద, ముఖానికి అడ్డంగా ప్లాస్టిక్ షీల్డు. మధ్య సీటు వచ్చినవాళ్లు ఒంటిమీద పల్చటి గౌను కూడా వేసుకున్నారు, కరోనా కాలపు నియమం అది. బోర్డింగ్ పాసు మీద రెండే ఊళ్లు. మధ్యలో దుబాయి లేదు, ఫ్రాంక్‌ఫర్ట్ లేదు, ఢిల్లీ లేదు. సిలికాన్ వ్యాలీకీ బెంగళూరుకీ ఏళ్ల తరబడి ఎంత రాకపోకలున్నా, ఎక్కడా ఆగకుండా ఒక విమానం ఈ రెండు ఊళ్లనీ కలపడం ఇదే మొదలు.

కాక్‌పిట్ తలుపు వెనక నలుగురు పైలట్లు, నలుగురూ ఆడవాళ్లే. కమాండర్ జోయా అగర్వాల్. ఆమెతో పాటు పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివాని మన్హాస్. ఇంతసేపు ఏ ఇద్దరూ ఏకబిగిన నడపకూడదు. అందుకే రెండు జట్లు. ఒక జట్టు సీట్లలో ఉంటే రెండో జట్టు సిబ్బంది కోసం కట్టిన చిన్న గదిలో నడుం వాలుస్తుంది. విమానం బోయింగ్ 777-200ఎల్‌ఆర్. 238 సీట్లు: ఫస్ట్ క్లాసులో 8, బిజినెస్‌లో 35, మిగిలిన 195 మనలాంటివాళ్లవి.

మీ పక్కన హిందూపురం పెద్దాయన ఒకరు కూర్చున్నారనుకుందాం. కొడుకు దగ్గరికి ఫ్రీమాంట్ వచ్చి, లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయి, ఇన్నాళ్లకు ఊరికి బయల్దేరినాయన. 2020 మార్చి 23న మన దేశం మామూలు అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. చిక్కుకుపోయినవాళ్ల కోసం నడిపిన వందే భారత్ విమానాలు, ఆ తర్వాత జులైలో అమెరికాతో కుదిరిన 'ఎయిర్ బబుల్' ఒప్పందం, ఆ నెలల్లో ఇల్లు చేరాలంటే ఉన్న దారులు అవే. పెద్దాయన సీటు బెల్టు పెట్టుకోవడానికి మీ సాయం తీసుకుని, ముందున్న తెరకేసి చూస్తూ అడుగుతారు:

"ఎంత దూరముంటాది నాయనా, మనూరికి?"

ఎయిరిండియా ప్రకటించిన అంకె 13,993 కిలోమీటర్లు. మీరు చెబుతారు. ఆయన మనసులో ఉన్న ప్రశ్న అది కాదని వెంటనే తెలిసిపోతుంది.

"అది సరే. ఎంతసేపు పడతాది?"

దానికి మాత్రం కంపెనీ కూడా ఒక్క అంకె చెప్పలేదు. పదిహేడు గంటలకు పైగా, గాలిని బట్టి, అంది. ఈ రాత్రి ప్రయాణమంతా ఆ 'గాలిని బట్టి' అనే మాటలోనే ఉంది. దూరం లెక్క భూమిది. సమయం లెక్కలో మాత్రం గాలి, చలి, కొండలు, దేశాల మధ్య స్నేహాలూ పగలూ అన్నీ కలుస్తాయి.

విమానం రన్‌వే చివరికి చేరింది. ఈ రకం విమానం నిండుగా ఉంటే 347 టన్నుల దాకా తూగుతుంది. అందులో నూరు టన్నులకు పైగా ఇంధనమే. ఇంజన్లు రెండే. గంటకు ఏడెనిమిది టన్నులు తాగుతాయి. ఎంత ఇంధనం ఎక్కిస్తే దాన్ని మోయడానికే ఇంకొంత ఖర్చవుతుంది. అందుకే దూరప్రయాణాల్లో ఒక అరగంట మిగలడం అంటే గడియారంలో ముప్పై నిమిషాలతో ఆగిపోయే లాభం కాదు. ఆ అరగంటకు కావలసిన నాలుగు టన్నులూ, వాటిని పదిహేడు గంటలు మోయడానికి కావలసినదీ కలిసి మిగులుతాయి.

పరుగు మొదలైంది. చాలాసేపు నేల వదలదు. వీపు సీటుకు అదుముకుపోయి, కిటికీలో దీపాలు గీతలైపోయి, ఇక రన్‌వే అయిపోతుందేమో అనిపించాక చక్రాలు లేస్తాయి. పెద్దాయన కళ్లు మూసుకుని వెంకటరమణస్వామిని తలుచుకుంటున్నారు. కింద బే ఏరియా ఊళ్ల వెలుగు కాసేపు పరుచుకుని వెనక్కి జరుగుతుంది. బరువెక్కువ కాబట్టి మొదటే నలభై వేల అడుగులకు ఎక్కలేరు. ముప్పై వేలకు కాస్త అటూ ఇటూ ఆగి, ఇంధనం కరిగి విమానం తేలికయ్యే కొద్దీ రెండేసి వేల అడుగుల చొప్పున పైకి జరుపుతూ పోతారు. రాత్రంతా సాగే పని అది.

ముందు తెర మీద చిన్న విమానం బొమ్మ. దాని ముక్కు పడమటికి లేదు, ఉత్తరానికి ఉంది.

"ఇదేంది, పైకి పోతాండాది?" అంటారు పెద్దాయన.

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద, రెండో కొస బెంగళూరు మీద పెట్టి బిగించి చూడండి. గోడ మీది మ్యాపు చూసి సముద్రం మీద అడ్డంగా పోతుందనుకున్న దారం నిటారుగా పైకెక్కుతుంది. అలాస్కా మీదుగా ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లి, అక్కడి నుంచి సైబీరియా, మంగోలియా, టిబెట్ మీదుగా దిగుతుంది. నేపాల్‌లో దాదాపు అన్నపూర్ణ శిఖరం మీదే పడుతుంది. మన వైపు వచ్చేసరికి నల్లగొండ పక్కనుంచి, కదిరి పక్కనుంచి బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లికి చేరుతుంది. ఈ సంగతి మొదటిసారి లెక్క వేసి చూసుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పసిఫిక్ ఒడ్డున ఉన్న ఊరికీ బెంగళూరుకీ మధ్య భూమి గీసిన సూటి గీత మన కదిరి పొలిమేరల్లోంచి పోతోంది.

అయినా విమానం ఆ దారం వెంట పోదు. టిబెట్ దగ్గర ఒక చిక్కుంది. ఎక్కడో పగులు వచ్చి క్యాబిన్‌లో గాలి పీడనం పోతే, పైలట్లు వెంటనే పదివేల అడుగులకు దిగాలి. అక్కడైతేనే మనుషులు మాస్కు లేకుండా ఊపిరి తీయగలరు. తలమీద నుంచి వేలాడే పసుపు మాస్కుల్లో ప్రాణవాయువు పది, ఇరవై నిమిషాలకు మించి రాదు. టిబెట్‌లో నేలే పదిహేను వేల అడుగుల ఎత్తున ఉంది. దిగడానికి చోటెక్కడ? అందుకే పొట్టి దారి కళ్ల ముందే ఉన్నా, దూరప్రయాణపు విమానాలు ఆ పీఠభూమి అంచులు పట్టుకుని తిరుగుతాయి.

మరి ఉత్తర ధ్రువం మీదుగా వెళ్తే? శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు 122 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది, బెంగళూరు దాదాపు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. రెండూ కలిపితే రెండు వందలు. సరిగ్గా నూట ఎనభై అయ్యుంటే దారం సూటిగా ధ్రువం మీదే పడేది. ఇరవై డిగ్రీల తేడా వల్ల పక్కకు తప్పుకుంది, అంతే. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువానికి సుమారు 5,800 కిలోమీటర్లు, ధ్రువం నుంచి బెంగళూరుకు సుమారు 8,500. అంటే నేరుగా ధ్రువం తొక్కి వచ్చినా, అతి దగ్గరి దారి కంటే నాలుగు వందల కిలోమీటర్లు కూడా పెరగదు. విమానానికి అది అరగంట.

ఆ అరగంట ఎందుకు పెట్టుకోవాలో గాలి చెబుతుంది. పసిఫిక్ మీద, ముప్పై నలభై వేల అడుగుల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంటుంది. చలికాలంలో దాని వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలు. దానికి ఎదురెళ్లడమంటే వరద గోదావరిలో పడవ ఎదురు నడపడమే: తెడ్డు ఎంత వేసినా గట్టు మీది చెట్టు కదలదు. ధ్రువం దగ్గర గాలులు అంత జోరుగా ఉండవు. పడమటికి వెళ్లేవాళ్లు ఆ నెమ్మదైన గాలిలోకి తప్పుకుంటారు. తూర్పుకి వెళ్లేవాళ్లు వరదనే వెతుక్కుని అందులో దిగుతారు.

దీనికి ఎయిరిండియా దగ్గరే గట్టి సాక్ష్యం ఉంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వాళ్ల విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ వైపు మళ్లించారు. దూరం 15,300కు పెరిగింది. ప్రయాణం 14 గంటల 30 నిమిషాల్లో ముగిసింది, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందు. అప్పట్లో కంపెనీవాళ్లు వివరంగా చెప్పిన లెక్క ఇది: విమానం వేగం గంటకు 800 కిలోమీటర్లు అనుకుంటే, అట్లాంటిక్ దారిలో 24 కిలోమీటర్ల ఎదురుగాలికి నేల మీద అది 776 అవుతుంది. పసిఫిక్ దారిలో 138 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే 938 అవుతుంది. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ముందే దిగిన విమానం అది. టికెట్ కొనేటప్పుడు మనం కిలోమీటర్లు చూసి గంటలు ఊహించుకుంటాం. ఆ ఊహ ఇక్కడ చెల్లదు.

భోజనాలు వచ్చాయి, పోయాయి. పెరుగు గిన్నె ఒక్కటి తిని పెద్దాయన నిద్రలోకి జారారు. వాంకూవర్ ఎప్పుడో దాటింది. కెనడా ఉత్తర భాగంలో ఊళ్ల వెలుగులు తగ్గుతూ తగ్గుతూ, ఒక్కొక్కటిగా మిగిలి, అవీ ఆగిపోయాయి.

ఇప్పుడు కాక్‌పిట్‌లో కళ్లన్నీ ఒక అంకె మీద ఉంటాయి: రెక్కల్లోని ఇంధనం ఎంత చల్లగా ఉంది? బయట మైనస్ అరవై ఉండొచ్చు, ఇంకా దిగువకు పోవచ్చు. మన దేశంలో విమానాలకు పోసే జెట్ ఏ-1 రకం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది. అమెరికాలో మామూలుగా దొరికేది జెట్ ఏ, అది మైనస్ 40కే మొదలెడుతుంది. అంటే బెంగళూరులో నింపుకున్న విమానం కంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో నింపుకున్న విమానానికి చలి దగ్గర ఏడు డిగ్రీల వెసులుబాటు తక్కువ. ఇంధనం వేడి ఆ గీతకు మూడు డిగ్రీల దూరంలోకి వస్తే ఊరుకోకూడదు. కాస్త కిందికి, వెచ్చటి గాలిలోకి దిగాలి. లేదా వేగం పెంచాలి. వేగం పెరిగితే గాలి రాపిడికి రెక్కల తోలు కొద్దిగా వేడెక్కుతుంది, లోపలి ఇంధనమూ వేడెక్కుతుంది. రెండింటికీ ఖర్చు ఇంధనమే. బయల్దేరక ముందే డిస్పాచర్ ఆ రాత్రి చలి మ్యాపులు ముందేసుకుని దారి గీసేది ఇందుకే. ప్రయాణికులకు ఎప్పుడూ కనిపించని ఆ మనిషికి ఈ ప్రయాణంలో పైలట్ల తర్వాతి చోటు ఇవ్వాలని నాకనిపిస్తుంది.

ఇంకో లెక్క కూడా ఆయనదే. ఇంజన్లు రెండే కదా, ఒకటి ఆగితే మిగిలినదానితో ఎక్కడికి చేరుతాం? దారి పొడవునా ఆ ప్రశ్నకు జవాబు ఉండాలి. ధ్రువపు దారుల్లో ఆ జవాబులు అరుదు: కెనడాలో ఎల్లోనైఫ్, ఇకాల్యుయిట్, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్‌లో లాంగియర్‌బ్యెన్, రష్యాలో నోరిల్స్క్ లాంటి నాలుగు పేర్లు. అక్కడ దిగాల్సి వస్తే తలుపు తెరిచి మంచులోకి వెళ్లే సిబ్బంది కోసం దట్టమైన చలి దుస్తుల్ని విమానంలోనే మోసుకెళ్తారు. ఉత్తినే పెట్టిన నియమం కాదది. రెండేళ్ల తర్వాత, 2023 జూన్‌లో, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఇదే రకం విమానం ఇంజన్ ఇబ్బందితో రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది ఆ చిన్న ఊళ్లో ఆగిపోయారు. వాళ్లను తీసుకెళ్లడానికి ముంబై నుంచి మరో విమానం వెళ్లాల్సి వచ్చింది.

ఆరు గంటలు దాటాయి. అక్షాంశం అంకె తెర మీద పెరుగుతూనే ఉంది. 78 డిగ్రీలు దాటితే విమానయాన నియమాల ప్రకారం ధ్రువ ప్రాంతం. 82 దగ్గర రెండు మార్పులు. భూమధ్యరేఖ పైన ఒకేచోట నిలబడి ఉండే ఉపగ్రహాలు ఇక్కడికి దిగంతం కింద పడిపోతాయి. వాటి ద్వారా మాట్లాడటం కుదరదు, పాతకాలపు హెచ్‌ఎఫ్ రేడియో పనికొస్తుంది. అయస్కాంత దిక్సూచి కూడా నమ్మదగ్గది కాదు. అయస్కాంత ఉత్తరం, భూగోళపు ఉత్తరం వేరు వేరు చోట్ల ఉంటాయి. ఆ రెండింటికీ ఇంత దగ్గరగా వచ్చినప్పుడు ముల్లు ఎటు చూపినా అర్థం ఉండదు. 777లో కంప్యూటర్ తనంతట తనే అయస్కాంతపు లెక్క వదిలి, భూగోళపు ఉత్తరానికి మారుతుంది.

కిటికీ పలక పైకెత్తండి. మొదట ఏమీ కనిపించదు. కళ్లు అలవాటు పడ్డాక చుక్కలు వస్తాయి, మన ఊళ్లలో ఎప్పుడూ చూడనన్ని. అమావాస్య ఇంకా మూడు రోజుల్లో ఉంది. ఉన్న ఆ సన్నని చంద్రరేఖ కూడా ఈ అక్షాంశాల్లో దిగంతం దాటి పైకి రాదు. బెంగళూరులో మేడ మీద నిలబడితే ధ్రువ నక్షత్రం ఉత్తరాన పదమూడు డిగ్రీల ఎత్తున, భవనాల చాటున ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ముప్పై ఎనిమిది డిగ్రీల ఎత్తున ఉండింది. ఇప్పుడు దాదాపు నడినెత్తిన ఉంది, కిటికీలోంచి ఎంత వంగి చూసినా కనిపించదు. కింద గడ్డకట్టిన సముద్రం ఉంది. దాన్ని ఊహించుకోవాలి.

ఈ చీకటి మామూలు రాత్రి చీకటి కాదు. జనవరిలో సూర్యుడు ఇక్కడికి రాడు. మీరు సూర్యాస్తమయం అయ్యాక బయల్దేరారు. ధ్రువం దగ్గర కొన్ని నెలల రాత్రి నడుస్తోంది. దాన్ని దాటి అవతలి వైపు సైబీరియా మీదికి దిగేసరికి అక్కడ సాయంత్రం ముగిసి చీకటి పడి ఉంటుంది. దిగే వేళకు బెంగళూరులో తెల్లారదు. పదిహేడు గంటల పైచిలుకు ప్రయాణంలో సూర్యుడి పొడ ఒక్కసారి కూడా తగలదు.

గడియారం సంగతి ఇంకా విచిత్రం. చేతి వాచీ ఇంకా కాలిఫోర్నియా సమయం చూపిస్తోంది: ఆదివారం తెల్లవారుజామున మూడు. రేఖాంశాలన్నీ ఇక్కడ ఒక చుక్కలో కలుస్తాయి కాబట్టి ఏ దేశపు సమయమైనా ఒకటే. అవతలి వైపుకు వంగగానే మన దేశపు సమయానికి మార్చుకుంటే ఆదివారం సాయంత్రం నాలుగున్నర. ఆదివారం పొద్దున, మధ్యాహ్నం ఈ విమానంలోని ఎవరికీ రాలేదు. పెద్దాయన లేచి టైమెంత అని అడిగితే ఏ జవాబు చెప్పినా తప్పు కాదు.

ఇలా ఎగరాలన్న ఆలోచన పాతదే. 1954 నవంబరు 15న స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగన్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు, గ్రీన్‌లాండ్‌లోనూ విన్నిపెగ్‌లోనూ ఆగుతూ, ఆర్కిటిక్ మీదుగా విమానం మొదలుపెట్టింది. కానీ ధ్రువానికి ఒక పక్క అమెరికా, కెనడా ఉంటే రెండో పక్క సోవియట్ యూనియన్ ఉంది. ఆ పక్క ఆకాశం మూసేసి ఉండేది. 1983లో దారి తప్పి వచ్చిన కొరియన్ ఎయిర్‌లైన్స్ 007ను సోవియట్ యుద్ధ విమానం కూల్చేసింది, 269 మంది చనిపోయారు. ధ్రువం దాటి రష్యా మీదుగా ఆసియాలోకి దిగే దారులు మామూలు విమానాలకు అధికారికంగా తెరుచుకున్నది 2001లోనే. మన దేశపు కంపెనీ ఆ ప్రాంతం మీదుగా ఎగిరింది 2019 ఆగస్టు 15న, ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానంతో.

తెరిచిన తలుపు మళ్లీ మూసుకోవచ్చు. మీరిప్పుడు దాటుతున్న ఈ రష్యా ఆకాశమే ఇంకో పదమూడు నెలలకు, ఉక్రెయిన్ యుద్ధంతో, అమెరికా కంపెనీలకు దొరక్కుండా పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు రోజూ విమానం నడుపుతామని యునైటెడ్ 2020లోనే ప్రకటించింది. సియాటిల్ నుంచి బెంగళూరుకు నడుపుతామని అమెరికన్ ఎయిర్‌లైన్స్ అంతకు ముందే చెప్పింది. మొదట కరోనా అడ్డొచ్చింది, తర్వాత రష్యా ఆకాశం. ఆ రెండూ ఎగరనేలేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లేవాటికి గంటలు పెరిగాయి, కొన్ని దారిలో ఇంధనానికి ఆగాల్సి వచ్చింది. ఊళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. ఊరి నుంచి అమెరికా పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు కాళ్లు వాచేలా ఇంకో రెండు గంటలు కూర్చోవాల్సి రావడానికి కారణం ఎక్కడో మూడో దేశంలో జరిగిన నిర్ణయం. ఇది మనం కోపం తెచ్చుకోవలసిన సంగతే. కాకపోతే కోపం ఎవరి మీద చూపాలో తెలియదు.

సైబీరియా, మధ్య ఆసియా. ఇవి నిద్ర గంటలు. ఒకటి రెండు చోట్ల పైపులైన్ల దగ్గర మండే గ్యాసు మంటలు కనిపించవచ్చు, ఏదో నగరం కిందనుంచి జారిపోవచ్చు. విమానం ఇప్పుడు చాలా తేలికైంది. బయల్దేరినప్పుడు ఎక్కలేకపోయిన ఎత్తులో హాయిగా పోతోంది. పెద్దాయన రెండుసార్లు లేచి నడవలో నడిచి వచ్చారు. మోకాళ్లు పట్టేశాయన్నారు. వీల్‌చెయిర్ చెప్పుకున్నారో లేదో మీరు కనుక్కోండి. ఇంగ్లీషూ కన్నడమూ రాక ఇమిగ్రేషన్ దగ్గర తికమకపడే తెలుగు పెద్దవాళ్లకు ఆ కుర్చీ కాళ్ల కంటే నోటికే ఎక్కువ సాయం.

మన దేశంలోకి వచ్చాక మాటలు మొదలవుతాయి. వెనక వరుసలో ఎవరో సంక్రాంతి గురించి మాట్లాడుతున్నారు. 13న భోగి. అనంతపురం జిల్లా వాళ్లకు బెంగళూరు విమానాశ్రయమంటే సొంత జిల్లా బస్టాండు కిందే లెక్క. హైదరాబాద్ కన్నా, చెన్నై కన్నా ఇదే దగ్గర. 2008 మే 24న విమానాలు పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచి దేవనహళ్లికి మారినప్పుడు, నగరంలో ఉండేవాళ్లు ఎంత దూరమైందో అని విసుక్కున్నారు. ఉత్తరం నుంచి వచ్చే సీమవాళ్లకు మాత్రం అంతకు అంత దగ్గరైంది. పెనుకొండ, కొడికొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి హైవే మీద వస్తే ఊరి ట్రాఫిక్ తగలకుండానే విమానాశ్రయం.

కిందికి దిగడం మొదలైంది. దిగేచోటికి రెండు వందల కిలోమీటర్ల ముందే ఇంజన్ల చప్పుడు తగ్గుతుంది. ఉత్తరం నుంచి వచ్చే విమానాలకు ఆ రెండు వందల కిలోమీటర్లంటే రాయలసీమే. పల్లెల దీపాలు విడివిడిగా, హైవే ఒక్కటే సన్నటి గీతలా. దేవనహళ్లి సముద్రమట్టానికి 915 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ పొగమంచు కమ్మేసి విమానాలు ఆగిపోవడం ఏటా జరిగేదే. 2019 డిసెంబరులో మొదలైన రెండో రన్‌వేకు, దాదాపు ఏమీ కనిపించకపోయినా దిగగలిగే క్యాట్ త్రీ-బీ ఏర్పాటు ఈ చలికాలంలోనే వచ్చింది. పదిహేడు గంటలు ఎగిరి వచ్చాక పొగమంచు వల్ల చెన్నైకో హైదరాబాద్‌కో తిరగాల్సి రావడం ఎలా ఉంటుందో ఊహించండి. ఆ ప్రత్యామ్నాయపు ఇంధనం కూడా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచే మోసుకొచ్చారు.

చక్రాలు తాకాయి. 2021 జనవరి 11, సోమవారం, తెల్లవారుజామున మూడు దాటింది. చప్పట్లు. పెద్దాయన కూడా కొట్టారు, ఎందుకో కనుక్కుని మళ్లీ ఇంకాస్త గట్టిగా కొట్టారు.

"నలుగురూ ఆడపిల్లోళ్లేనా! సెబాసు!"

బయట కెమెరాల ముందు నిలబడిన ఆ నలుగురిలో జోయా అగర్వాల్, ఈ దారి వల్ల పది టన్నుల ఇంధనం మిగిలిందని చెప్పారు. ఆ మాటని వార్తల్లో ఒక వాక్యంగా చదివేస్తాం. లోపల కూర్చుని వచ్చినవాళ్లకు అందులో ఏమేమి ఉన్నాయో తెలుస్తుంది: ఎదురుగాలికి తలవంచకుండా తప్పుకోవడం, రెక్కల్లోని చలిని రాత్రంతా కనిపెట్టడం, టిబెట్‌ను దూరంగా పెట్టడం, ఒక దేశం తలుపు తెరిచి ఉన్న రోజుల్ని వాడుకోవడం. 777-200ఎల్‌ఆర్‌కు ఇలాంటి పరీక్ష కొత్త కాదు. 2005 నవంబరులో ఇదే రకం విమానం హాంకాంగ్ నుంచి లండన్‌కు తూర్పు దారిన, 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాల పాటు ఎక్కడా ఆగకుండా ఎగిరింది. ఆ ప్రయాణాన్ని నడిపించిన పైలట్లలోనూ ఒక మహిళ ఉన్నారు, బోయింగ్ టెస్ట్ పైలట్ సుజానా డార్సీ హెన్నెమన్. ఆ విమానంలో టికెట్ కొన్న ప్రయాణికులు లేరు. ఈ విమానంలో మాస్కులు, గౌన్లు, మోకాళ్ల నొప్పులతో ఊరికి వస్తున్న మనుషులున్నారు.

టెర్మినల్ బయట జనవరి చలి. బీఎంటీసీ వాయువజ్ర బస్సులు ఊళ్లోకి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాయి. పెద్దాయనకు మనవడి వరస కుర్రాడు కారు తెచ్చాడు. దొడ్డబళ్లాపురం, గౌరీబిదనూరు మీదుగా పోతే రెండు గంటల్లోపే హిందూపురం. మధ్యలో ఒకచోట ఆగే పాత టికెట్లతో ఇదే ప్రయాణానికి ఇరవై రెండు, ఇరవై నాలుగు గంటలు పట్టేది, ఇంటికి వెళ్లే దారి కాక. అదే వారంలో, 15న, హైదరాబాద్–షికాగో మధ్య కూడా ఆగని విమానం మొదలైంది.

ఈ ఉదయం మీరు దిగిన దారిలో మధ్యాహ్నం తిరుగు విమానం, ఎయిరిండియా 175, వెళ్లదు. బెంగళూరు నుంచి అమెరికా పశ్చిమ తీరానికి వెళ్లేవాళ్లకు కావలసిన గాలి పసిఫిక్ మీద ఉంది. కాబట్టి ముక్కు తూర్పుకి. వెనక నుంచి జెట్ స్ట్రీమ్ తోస్తుంటే పదహారు గంటలకు కాస్త అటూ ఇటూగా పని అయిపోతుంది. పైగా తేదీ రేఖ ఈసారి అటునుంచి ఇటు దాటుతారు. సోమవారం మధ్యాహ్నం దేవనహళ్లిలో బయల్దేరి, సోమవారం సాయంత్రానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారు.